వసేవా అల్లం

కంచాలు కావాలంది అరిష్మా.

"ఎన్ని?" అన్నాడు ఇసిరేలీ.

"ఉన్నన్ని ఇవ్వండి మావయ్యా. లోతుగా ఉంటే ఇంకా మంచిది. నేను తెచ్చిన ట్రేలు చాలవు."

వంటపాకలో చెక్క అర మీద చనిపోయిన భార్య వసేవా కంచాలు బోర్లించి ఉన్నాయి. నీలం అంచు ఎనామిల్ కంచాలు. ఆమె బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి. అతను ఒక కంచం, ఒక గిన్నెతో గడుపుతున్నాడు. మిగిలిన వాటి మీద పొయ్యి మసి పల్చగా పేరుకుంది. అతను వాటిని ఒక్కొక్కటే దించి, ఒంటి మీది నల్లచొక్కా అంచుతో తుడిచి బల్ల మీద పెట్టాడు. చివరిదాన్ని కొంచెంసేపు చేతిలోనే ఉంచుకున్నాడు.

"అదొద్దులెండి," అంది అరిష్మా.

"తీసుకో," అన్నాడు.

ఆమె ప్రతి కంచం మీదా తీగజల్లెడ పెట్టింది. దాని మీద పల్చటి కాగితం పరిచింది. కాగితం మీద పొలం మట్టిని పిండి చల్లినట్టు చల్లింది. పక్కనుంచి నీళ్లు పోసింది. మట్టి కింద తడిసింది, పైన పొడిగానే ఉంది.

"రేపటిదాకా వీటిని ఎవరూ కదపకూడదు. నులిపురుగులు నీళ్ల కోసం కిందికి దిగుతాయి. కంటికి ఆననంత సన్నవి కదా, కాగితం దాటి కంచంలో పడతాయి. మట్టి పైనే ఉండిపోతుంది."

"ఈత వచ్చా వాటికి?"

"మీకంటే బాగా వచ్చు."

అతను నవ్వలేదు. ఆమె అలవాటు పడింది. పైన కొండవాలులో ఆమె పరిశోధన మళ్లు ఉన్నాయి. ఒక మడిలో చేమ తరవాత అల్లం, ఒక మడిలో కర్రపెండలం తరవాత అల్లం, ఒక మడిలో కోళ్ల ఎరువేసి అల్లం. ఏ మడిలో నులిపురుగు తగ్గుతుందో చూడటం ఆమె పని. సువా పట్నం నుంచి వచ్చి వారమేసి రోజులు ఉండి పోతుంది. ఈసారి అతనే పిలిచాడు. తన విత్తనపు మడి చూసిపొమ్మన్నాడు. అది వసేవా మడి.

ప్రతి కంచానికీ ఆమె ఒక రంగు దారం కట్టింది. అదే రంగు దారం పొలంలో మట్టి తీసిన చోట వెదురుపుల్లకు కట్టి ఉంది.

"ఎర్రదారం కంచం బాగా చూడు," అన్నాడు ఇసిరేలీ. "పురుగు దాన్లోనే ఉంటుంది."

"అలా ఎందుకు అంటున్నారు?"

"అది పక్క పొలం కెలేపీ గట్టు మట్టి. నా ముళ్లపార అడిగి పట్టుకుపోయాడు. వాడి కుళ్లు నేలలో తిప్పి, మట్టి కడగకుండా తెచ్చి నా మడిలో గుచ్చి పోయాడు. అప్పట్నించే ఆకు పసుపెక్కింది. ఊరి సభలో మొహం మీదే చెప్పాను."

"ఆయనేమన్నాడు?"

"ఏమంటాడు? తప్పయిందని యంగోనా వేళ్ల కట్ట పట్టుకుని గుమ్మంలోకి వచ్చి కూర్చున్నాడు. నేను లోపలికి పోయాను."

అరిష్మా చేతులు కడుక్కోవడం ఆపి అతనివైపు చూసింది. ఈ ఊళ్లో క్షమాపణకు తెచ్చిన వేళ్ల కట్టను అందుకుని, నూరి కలిసి తాగితే తగవు తీరినట్టు; దాన్ని తాకకుండా లేచిపోవడం అంటే ఏమిటో ఆమెకు తెలుసు.

"ఆ కట్ట ఏం చేశారు?"

"వాకిట్లోనే ఎండింది."

మర్నాడు పొద్దున్నే వాన వెలిసింది. ఇద్దరూ విత్తనపు మడికి దిగారు. మడి వాలుగా ఉంది. పైన వసేవా సమాధి. దాని చుట్టూ పెట్టిన రంగురాళ్లు వానకు మెరుస్తున్నాయి. సమాధికి కిందగా, మడికి నెత్తిన, కూర అరటి గుబురు. ఒక చెట్టుకు గెల వేలాడుతోంది. దానికి వెదురు ఊతం ఉంది. గెల చుట్టూ పాత చాప చుట్టి గబ్బిలాలు ముట్టకుండా కట్టాడు ఇసిరేలీ. శనివారం వసేవా ఏడాది మైల విడుపు. ఆరోజు కోస్తానన్నాడు.

మడిలో సగం అల్లం తవ్వేశాడు. సగం ఇంకా నేలలోనే ఉంది. అరిష్మా ఒక మొక్కను ముళ్లపారతో కుదురుతో సహా పైకి లేపి, మట్టి దులిపి, వేళ్లు అరచేతిలో పరుచుకుంది. వేళ్లు అక్కడక్కడా గోధుమరంగు తిరిగి, చీకిపోయి ఉన్నాయి. కొమ్మును జేబుకత్తితో కోసింది. తొక్క కింద నీరు పట్టిన మచ్చ కనపడింది.

ఇసిరేలీ ఆ ముక్క తీసుకుని వాసన చూశాడు. ఘాటు ఉంది. వసేవా అల్లం పొట్టి కొమ్ములది. వేళ్లు ముడిచిన పిడికిలిలా గుత్తిగా ఉంటుంది. ఏటా తవ్వినప్పుడు ఆమె కుప్ప ముందు కూర్చుని లావు కొమ్ములన్నీ ఒడిలోకి వేసుకునేది. వాటిని అమ్మనిచ్చేది కాదు. అవి విత్తనం. చుట్టుపక్కల కొండల్లో ఆ గుత్తి అల్లం మరొకరి దగ్గర లేదు.

"తవ్విన విత్తనం ఎక్కడ పెట్టారు?" అంది అరిష్మా.

పాకలో గోతాలు ఉన్నాయి. ఆమె ఒక గోతం మూతి విప్పి కొన్ని కొమ్ములు వెలుతురులోకి తెచ్చింది. ప్రతి కొమ్ముకూ మొలక పొడుచుకు వచ్చింది. పచ్చటి మొనలు, చిలక ముక్కుల్లా ఉన్నాయి.

"వేన్నీళ్లలో ముంచారా?"

"లేదు."

"ఏం మావయ్యా? అత్తయ్య ఏటా ముంచేది కదా. తవ్విన వెంటనే, పురుగు చావాలని."

"ముంచలేదు," అన్నాడు.

"నీళ్లు కాచే డ్రమ్ము లేదా?"

అతని చూపు వాగువైపు పోయింది. ఆమె గుమ్మంలోంచి కిందికి చూసింది. వాగుకు అవతల కెలేపీ ఇంటి పక్కన రేకు చూరు కింద డ్రమ్ము కనపడుతోంది. ఊరందరి డ్రమ్ము. దానికి కట్టిన థర్మామీటరు కూడా అక్కడే ఉంటుంది. వెళ్లి అడిగితే చాలు. ఈ ఊళ్లో అడిగినవాడికి లేదనరు. శత్రువు అడిగినా లేదనరు. కాని అడగాలి.

ఆమె కొమ్ములు మళ్లీ గోతంలో వేసింది. గోతం మూతి కట్టడానికి చాలాసేపు పట్టింది.

అప్పుడే కెలేపీ బాటమీద పోతున్నాడు. భుజాన కర్రపెండలం మోపు ఉంది. అరిష్మాను చూసి కనుబొమలెగరేసి పలకరించాడు. ఇసిరేలీ మొహం తిప్పుకున్నాడు. కెలేపీ ఒక్క క్షణం నిలబడ్డాడు. అతని చూపు మడి మీంచి పైకి, అరటి గుబురు దాకా పోయి, నేలకు దిగింది.

"శనివారం రాళ్లు నేనే కాలుస్తాను అన్నా," అన్నాడు. "పంది ఉడికించే లోవో గుంట కూడా తవ్వుతాను. అది నా వంతు పని."

కెలేపీ మోపు సర్దుకుని పోయాడు.

ఆ సాయంత్రం, వెలుగు ఉండగానే, అరిష్మా కంచాల మీది జల్లెడలు ఎత్తింది. నీళ్లను గాజు గొట్టాల్లోకి వంచింది. బల్ల మీద చిన్న మైక్రోస్కోపు పెట్టుకుంది. ఒక్కో చుక్కా చూసి, చేతిలోని లెక్కమీట నొక్కుతూ తనలో తాను గొణుక్కుంటోంది. ఇసిరేలీ గుమ్మంలో కూర్చుని కత్తి నూరుతున్నాడు.

"ఎర్రదారం," అన్నాడు తల ఎత్తకుండా.

"చూశాను."

"ఉందా?"

"రండి. మీరే చూడండి."

అతను వంగి, ఒక కన్ను మూసి, రెండో కన్ను అద్దానికి ఆనించాడు. మొదట తన కనురెప్ప వెంట్రుకలే కనిపించాయి. తరవాత తెల్లటి వెలుగు. అందులో గాజుదారాల్లాంటివి మెలికలు తిరుగుతున్నాయి.

"ఉంది!" అన్నాడు. చాలా రోజుల తరవాత అతని గొంతులో ఉత్సాహం వినపడింది. "నేను చెప్పలా?"

"ఇవి మంచివి మావయ్యా. మట్టిలో కుళ్లిన ఆకు మీద బతికే సూక్ష్మజీవుల్ని తింటాయి. ఇవుంటేనే నేలలో సత్తువ. నోరు చూడండి, బోసిగా ఉంది. మీ అల్లం వేరుని తినే పురుగుకి నోట్లో ముల్లు ఉంటుంది. దాంతో వేరుని పొడిచి లోపలికి తొలుచుకుపోతుంది. ఎర్రదారం కంచంలో అలాంటిది ఒక్కటి కూడా లేదు. కెలేపీ మావయ్య గట్టు శుభ్రంగా ఉంది."

ఇసిరేలీ అద్దం దగ్గర్నించి లేచాడు.

"మళ్లీ చూడు."

"రెండుసార్లు చూశాను." ఆమె గాజుపలక మార్చింది. "ఇది చూడండి. తెల్లదారం."

అతను చూశాడు. ఇందులోవి పొట్టిగా ఉన్నాయి. ఒకదాని తలలో సన్నటి ముల్లు ముందుకీ వెనక్కీ ఆడుతోంది. గాజుపలక అంతా అవే.

"తెల్లదారం ఎక్కడిది?"

ఆమె చెప్పేలోపే అతనికి గుర్తొచ్చింది. నిన్న పొద్దున ఆమె అరటి మొదట్లో వంగి మట్టి తీసింది. తరవాత వేరు తెంపి జేబులో వేసుకుంది. అప్పుడు ఊతానికి తెల్లదారం కట్టింది.

"అక్కడే ఎక్కువ," అంది అరిష్మా నెమ్మదిగా. "అక్కడ్నించి కిందికి వచ్చేకొద్దీ పరుచుకుంది. వాన నీళ్లతో దిగింది. మీ పసుపు ఆకు కూడా అలాగే ఉంది చూడండి, పైన సన్నం, కింద వెడల్పు. అరటి వేరన్నా, అల్లం వేరన్నా ఈ పురుగుకి ఒకటే. పిలకతో పాటు వచ్చింది. ఆ పిలకలు ఎక్కడివి మావయ్యా?"

ఇసిరేలీ కత్తి వేలితో తడిమి పదును చూశాడు. చూడాల్సిన అవసరం లేదు. అప్పటికే నూరాడు.

ఆ పిలకలు తానియేలావి. వసేవా అన్న. రేవా ఏటి మొగలోని పుట్టింటి నుంచి చెల్లెలి శవానికి చాపలు తెచ్చాడు. వాటితో పాటు, మట్టి రాలకుండా ఆకుల్లో చుట్టి, అరటి పిలకలు ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. ఇది అమ్మ ఇంటి వెనక అరటి బావా, చెల్లి గొంతు దిగేది ఇదొక్కటే, అన్నాడు. ఇద్దరూ కలిసి నాటారు. తానియేలా చేతుల్తోనే మట్టి అదిమాడు.

"ఇప్పుడు ముంచితే?" అన్నాడు ఇసిరేలీ. "డ్రమ్ము తెస్తాను. ఇప్పుడే పోయి తెస్తాను."

"మొలకలు వచ్చేశాయి మావయ్యా. ఆ వేడికి మొలక చస్తుంది. పురుగు చచ్చేంత వేడి పెడితే విత్తనమూ చస్తుంది. తవ్విన రోజుల్లో అయితే..." ఆమె ఆగిపోయింది.

"ఏరితే? మచ్చ లేనివి ఏరితే?"

"గోతాల్లో అన్నీ కలిసిపోయాయి. దాదాపు ఏ కొమ్ము కోసినా ఉంది. మచ్చ పడనిదాంట్లోనూ ఉండొచ్చు. నాటకూడదు. ఎవరికీ ఇవ్వకూడదు కూడా. ఇచ్చిన చోటల్లా పాతుకుంటుంది. ఆ అరటి తీసేసి, మడిలో కొన్నేళ్లు కర్రపెండలం, చేమ వేసుకోండి. నేల మళ్లీ బాగవుతుంది."

"నేల," అన్నాడు ఇసిరేలీ.

ఆమె మైక్రోస్కోపు సర్దుకుంది. కంచాలన్నీ సబ్బు పెట్టి తోమింది. అర మీద బోర్లించబోతే అతను ఆమె చేతిలోంచి తీసుకుని తనే బోర్లించాడు. నీలం అంచులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునేదాకా జరిపాడు.

శనివారం పొద్దెక్కాక తానియేలా లారీ వచ్చింది. వెనక ఆడవాళ్లు చాపల మీద కూర్చుని పాడుతున్నారు. తానియేలా ముందు దిగాడు. ఒడ్డూ పొడుగూ మనిషి, మోకాలు నొప్పి, ఒక పక్కకు వాలి నడుస్తాడు.

"ఏం బావా, ఆ గడ్డమేంటి? కోడి పొదిగినా నీకు తెలీదు!" అన్నాడు దూరం నుంచే.

"నీ పొట్ట కంటే నయం బావా. దాంట్లో పందే ఉంది."

ఆడవాళ్లు గొల్లుమన్నారు. బావల మధ్య ఆ మాత్రం ఉండాలి. లేకపోతే ఏదో తేడా వచ్చిందనుకుంటారు. ఇసిరేలీ తేడా రానివ్వలేదు.

వాకిట్లో చాపలు పరిచారు. పెద్ద మాట అడిగేటప్పుడు ఇచ్చే తిమింగలం పన్నును తానియేలా రెండు చేతుల్తో పట్టుకుని, చెల్లెలి పేరు చెప్పి, మైల విడిచిపెట్టమని అడిగాడు. మాట మధ్యలో ఆగి మళ్లీ మొదట్నించి చెప్పాడు. ఇసిరేలీ పన్ను అందుకున్నాడు. ఆడవాళ్లు అతని నల్లచొక్కా విప్పి ఎర్రపూల చొక్కా తొడిగారు. తానియేలా కత్తెర తీసుకుని ఎదురుగా కూర్చుని, ఎడమచేత్తో గడ్డం పట్టుకుని కత్తిరించాడు. తెల్లవెంట్రుకలు చాప మీద రాలాయి. అంత దగ్గరగా చూస్తే అన్నాచెల్లెళ్ల కళ్లు ఒకటే. ఇసిరేలీ కళ్లు మూసుకున్నాడు.

"కదలకు బావా. చెవి తెగితే మా చెల్లి వచ్చి నన్ను కొడుతుంది."

అరటి గెల తానియేలానే కోశాడు. లోవో గుంటలో పంది, చేమ, అరటి కలిసి ఉడికాయి. కెలేపీ ఆకులు తీసి, వేడి రాళ్ల మీంచి గంపలు పైకి లాగి ఇంటి ముందుకు పంపుతున్నాడు. తను చాపల దగ్గరికి రాలేదు.

తానియేలా ఉడికిన అరటిని ఆవిరి పోకముందే విరిచి నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు.

"అమ్మ అరటే," అన్నాడు. "ఇక్కడ బాగా పట్టింది. మా దగ్గర ఏమైందో తెలుసా? గాలి లేకుండానే పడిపోతోంది. తాగుబోతులా. పొద్దున లేచేసరికి వేళ్లు పైకి పెట్టి పడుకునుంటుంది. ఇంటి వెనక ఒక్కటీ మిగల్లేదు. ఇక ఉన్నదల్లా నీ దగ్గరే."

చాప చివర కూర్చున్న అరిష్మా తింటున్న చేయి ఆపింది. ఇసిరేలీ ఆమెను సూటిగా చూశాడు. ఆమె తల దించుకుని మళ్లీ తినసాగింది.

పొద్దు వాలాక, లారీ పైరోడ్డు మీదికి వచ్చే వేళకు, తానియేలా ఇసిరేలీ భుజం మీద చేయి వేశాడు.

"బావా, ఒకటి అడుగుతాను."

అడిగేది ఏమిటో ఇసిరేలీకి తెలుసు.

"మా చెల్లి అల్లం. ఒక్క గోతం చాలు. గోతం కూడా వద్దు, గంపెడు. అమ్మ ఇంటి వెనక అరటి పోయిన చోట నాటుకుంటాను. దాని పేరు పిలిస్తే పలికేది మా ఊళ్లో ఏమీ లేదు బావా. ఇదన్నా ఉంటుంది."

ఇస్తే ఆ నేలలో కుళ్లుతుంది. తవ్వి చూసుకుంటాడు. కొన్ని కొమ్ములు పక్కింటికీ ఇస్తాడు. పాడైంది ఇవ్వనంటే, ఎలా పాడైందంటాడు. చెప్పేదాకా కదలడు. చెబితే ఆ మోకాళ్ల మీద రేవా దాకా ఆ మాట మోసుకుపోతాడు. చెల్లెలి అల్లాన్ని చంపింది తన చేతులేనన్న మాట.

"ఇవ్వను," అన్నాడు ఇసిరేలీ.

తానియేలా నవ్వాడు. బావ వేళాకోళమనుకున్నాడు. "రెండు గోతాలు ఇస్తావా అయితే?"

"ఇవ్వను అన్నాను."

చుట్టూ ఆడవాళ్లు చాపలు చుట్టడం ఆపేశారు. అడిగినదానికి లేదనడం, అదీ ఈరోజు, ఆ చాపల మీద, వాళ్లెవరూ వినలేదు.

"ఎందుకని?"

"నాది. ఇవ్వను."

"అడిగింది నీ పొలం కాదు బావా. మా పిల్ల చేతి విత్తనం." తానియేలా గొంతు పైకి లేవలేదు. అదే కష్టంగా ఉంది. "నువ్వు రాయివని ఊరంతా అంటే నేను కొట్టిపారేశాను. మా చెల్లి నీతో ఎలా బతికిందో పాపం."

తానియేలా చాప మీద రాలిన గడ్డం వెంట్రుకలను కాలితో పక్కకు నెట్టి, ఒక పక్కకు వాలుతూ రోడ్డువైపు నడిచాడు. ఆడవాళ్లు అతని వెనకే పోయారు. పాట లేదు.

వాకిలి ఖాళీ అయ్యాక ఇసిరేలీ పాకలోకి పోయాడు. ఒక గోతం ఈడ్చుకుంటూ లోవో గుంట దగ్గరికి వచ్చాడు. రాళ్లు ఇంకా కణకణలాడుతున్నాయి. కెలేపీ మట్టి కప్పడానికి పార పట్టుకుని నిలబడ్డాడు.

"ఏంటన్నా అది?"

ఇసిరేలీ గోతం మూతి కోసి రాళ్ల మీదికి వంచాడు. పచ్చమొలకల కొమ్ములు దొర్లుకుంటూ పడ్డాయి. చుంయ్‌మని ఆవిరి లేచింది.

"నువ్వు కాదు," అన్నాడు కెలేపీ వైపు చూడకుండా. "పురుగు తెచ్చింది."

"తెలుసు."

ఇసిరేలీ తల తిప్పాడు.

"వానలప్పుడే చూశాను," అన్నాడు కెలేపీ. "అరటి కిందనే మొదలు పసుపెక్కింది. నీళ్లు పారిన దారినే దిగింది."

"సభలో ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పేది? వదినకని ఆయన ఒళ్లో పెట్టుకుని తెచ్చిన చెట్టు. నాటుతుంటే నేను సమాధి రాళ్లు మోస్తున్నాను, చూశాను. నలుగురి ముందూ దాన్ని ఎలా అనమంటావు?" అతను పారను నేలకు ఆనించాడు. "తప్పు నాదేనంటే తీరిపోయేదానికి."

"చెయ్యని తప్పుకు వేళ్లు తెచ్చావా?"

"డ్రమ్ము నా దగ్గర ఉంది కదన్నా. నువ్వు మాట్లాడితే వచ్చి తీసుకుపోతావనుకున్నాను. తవ్వే రోజుల్లో కట్టెలు కూడా పేర్చి ఉంచాను."

ఇసిరేలీ వెనక్కి పోయి రెండో గోతం తెచ్చాడు. మూడోది కెలేపీ మోసుకొచ్చాడు. ఇద్దరూ చెరో పక్కా నిలబడి వంచారు. గుంట నిండింది. కింది కొమ్ములు ఉడికి చిట్లాయి. ఘాటు వాసన వాకిలంతా కమ్మి, పైకి, రోడ్డు వైపు పోయింది.

ఆదివారం చర్చిలో పాటల పుస్తకం పట్టుకున్నా వసేవా చేతులకు ఈ వాసనే ఉండేది.

పైన రోడ్డు పక్కన లారీ కోసం కూర్చున్న తానియేలా లేచి నిలబడ్డాడు. ఆ వాసన అతనికీ తెలుసు. గోతాలు చూశాడు. గుంట చూశాడు. తనకు లేదన్న విత్తనాన్ని రాళ్ల మీద కాలుస్తున్న బావను చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

"అన్నా, ఆయన చూస్తున్నాడు," అన్నాడు కెలేపీ. "నన్ను పోయి చెప్పమంటావా?"

ఇసిరేలీ ఖాళీ గోతం దులిపాడు. పీచులో ఇరుక్కున్న చిన్న కొమ్ము ఒకటి ఊడి కాళ్ల దగ్గర పడింది. వంగి తీసుకున్నాడు. అరచేతిలో దాన్ని ఒకసారి మూశాడు. పిడికిలిలో పిడికిలిలా ఉంది. గుంటలోకి వేశాడు.

"మట్టి వెయ్యి," అన్నాడు.